రెండు పేటలు

కెంపేగౌడ 1537లో నెలకొల్పిన బెంగళూరు పాత పట్టణంలో చాలా పేటలకు అక్కడ సాగిన వ్యాపారాన్నిబట్టో వృత్తినిబట్టో పేర్లు వచ్చాయి. కన్నడంలో 'బళె' అంటే గాజు కాబట్టి బళేపేట గాజులపేట అయింది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఉప్పుగాలి సోకని ఈ వీధికీ, విశాఖపట్నం తీరంలోని జాలారిపేటకూ ఉన్న పోలిక 'పేట' అన్న మాటతో ఆగిపోదు. 'జాలం' అంటే వల, కనుక అది కూడా పని పేరు పెట్టుకున్న చోటే.

సెలవులకు తీరం చేరిన బళేపేట వాసికి సముద్రం కనువిందు, జాలారికి వేట. చేపలు పట్టడాన్ని ఆ తీరమంతా 'వేట' అనే అంటారు; దొరుకుతుందన్న నమ్మకం లేకపోయినా గంగమ్మకు మొక్కి బయలుదేరవలసిన బతుకు ఆ ఒక్క మాటలో ఉంది. దుంగలను తాళ్ళతో కలిపి కట్టిన తెప్పల స్థానంలో మోటారు బిగించిన ఫైబర్ పడవలు వచ్చినా ఆ మాట మారలేదు. ఒడ్డున కూర్చొని, చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, కన్ను తరువాత కన్ను (వలలోని ఒక్కో గడిని 'కన్ను' అంటారు) ముడివేసుకుంటూ పోయే చేతులను కాసేపు చూస్తే, ఆ ఇసుక విహారస్థలం కావడానికి ఎంతో ముందునుంచే పనిచోటని అర్థమవుతుంది. పక్కనే ఎండుతున్న నెత్తళ్ళ వాసనకు ముక్కు మూసుకునే సందర్శకుడు, తన పేటలో గాజుల పెట్టెలు దించుకునే వేళ ఎవరో వచ్చి దారికి అడ్డమని విసుక్కుంటే తనకెలా ఉంటుందో ఒకసారి తలచుకోవాలి. చూడవచ్చినవారికి ఆ చోటుపై ఉన్న హక్కు, అక్కడ పనిచేసేవారి హక్కు తరువాతిదే.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, మరపడవల వేటను నిషేధిస్తారు. వేసవి సెలవుల్లో వెళ్ళినవారికి ఒడ్డున వరుసగా నిలిచిన పడవలు అందంగా కనిపించే ఆ రోజులే జాలారి ఇంట రాబడి ఆగిపోయే రోజులు. ఆ తీరానికి వెళ్ళేవారు ఇసుకపై ఆరబెట్టిన వల ఎదురైతే దయచేసి దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి.