అడ్డపొగయు కర్తృత్వమును

కళింగపట్నము తీరమున చేపలతట్ట నెత్తిన బెట్టుకొని, చుట్ట నిప్పుకొనను నోటిలోనికి ద్రిప్పి, బూడిద రాలనీయక, సముద్రపుగాలికి ఆఱనీయక, పెదవులు బిగించి నడచిపోవు ముసలమ్మను చూచినవారికి శ్రీకాకుళపు అడ్డపొగ యననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధనమొకటి కలదు. ఈ యలవాటుగలవారి అంగిలి తెల్లబాఱి మందమగుటయు, దానిపై ఎఱ్ఱని చుక్కలు తేలుటయు, కొందఱిలో నది కాన్సరుగ పరిణమించుటయు వైద్యులెఱిగినదే.

మానివేయుమనిన, “ఎలాగ మానీగల్ను బాబూ, పొగ నేకపోతే పని సాగదు” అని యామె బదులు చెప్పును. ఈ మాటను మనోదౌర్బల్యమని త్రోసివేయుట అన్యాయము.

ఏలయన, పొగాకులోని నికోటిను మెదడును జేరి, ఎసిటైల్‌కోలినను సహజరసాయనము కొఱకు నాడీకణములపై నేర్పడిన గ్రాహకముల నాక్రమించి, నడిమెదడు కణములచేత డోపమిను నధికముగ స్రవింపజేయును; ఆ డోపమిను సుఖమిచ్చుటతో తృప్తినొందక, ఇది మరల కావలెనని మెదడునకు నేర్పును. నిత్యోత్తేజముచే గ్రాహకములు మొద్దుబాఱగా వాని సంఖ్య పెరుగును. పొగ యందని వేళ అవి యన్నియు రిక్తములై చికాకును, నిలుకడలేమిని గల్పించును. జంతువులపై జరిపిన ప్రయోగములలో, జన్యువుల వ్యాపారమును మార్చు డెల్టా ఫాస్‌బి యను ప్రోటీను కణకేంద్రమున పేరుకొని, మత్తు మానిన పిదపను కొన్ని వారములు నిలిచియుండుట కానవచ్చినది.

పూర్వకర్మలవలన చిత్తమున నిలిచిన సంస్కారమని పూర్వులు చెప్పిన వాసన ఇదియేనా? ఇంచుక సాదృశ్యము కలదుగాని రెండును ఒకటియని నేననను. కణము బంధము నిలిచిన చోటును చూపునుగాని, బద్ధుడెవడో చెప్పజాలదు. ఐనను, దేహమునందే వేరూనిన దానికి దేహి యెంతవఱకు కర్త? ఆఱేడేళ్ల పిల్ల తల్లి చుట్టకు నిప్పందించుచు నేర్చిన పనికి, అఱువదియేండ్ల తరువాత ఆ పిల్లనొక్కతెనే దోషిగ నిలుపుట ధర్మమగునా? ఆ కర్తృత్వమున తల్లికిని, వాడకును, చుట్టలమ్మిన వర్తకునకును పాలు కలదు.

గీత ఆఱవ యధ్యాయమున, మనోనిగ్రహము వాయువును బంధించునంత దుష్కరమని యర్జునుడు మొఱపెట్టగా, శ్రీకృష్ణుడు కాదనలేదు. మొదట నది సత్యమని యొప్పుకొని, అటుపిమ్మటనే అభ్యాసవైరాగ్యములను బోధించెను. మన ఉపదేశకులు ఆ యొప్పుకోలును దాటవేసి, వైరాగ్యమును మాత్రము ముసలమ్మ ముందుంచుచున్నారు. అభ్యాసమునకు కాలము కావలెను: పొగ మానినవారి మెదడులో పెరిగిన గ్రాహకములు మునుపటి లెక్కకు దిగివచ్చుటకు కొన్ని వారములు, ఒక్కొక్కరికి నెలలును పట్టును, ఆ నాళ్లలో ఆమె కసరుకొన్నను, తట్ట దింపి పడుకొన్నను, అది స్వస్థతకు ముందు కలుగు బాధయేయని ఇంటివారెఱుగవలసియున్నది.