పొగ, నిప్పు, బ్యాంకు పద్దు

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందనడం అనుమాన ప్రమాణం. మన నైయాయికులు శతాబ్దాలు తర్కించిన ఈ సంగతి ఇప్పుడు బ్యాంకు లెక్కల్లోకి వచ్చింది. 2008 సంక్షోభం నాటికీ నష్టం జరిగిన ఆనవాలు దొరికాకే పద్దు రాసేవారు. ప్రత్యక్షాన్నే నమ్మే చార్వాకుడి లెక్క అది. 2018లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 మాత్రం రాబోయే నష్టాన్ని ముందే అంచనా కట్టమంటుంది. మన రిజర్వు బ్యాంకు ఈ కొత్త లెక్కల పద్ధతిని 2019లో నిరవధికంగా వాయిదా వేసింది. 2025 అక్టోబరులో మళ్లీ అంచనా నష్టాలపై ముసాయిదా తెచ్చి, 2027 ఏప్రిల్ 1 నుంచి అమలంది. సహకార బ్యాంకులు అందులో లేవు.

దేశాలన్నిటికీ ఒకే కొలమానం తగునా? ప్రమాణం ఒకటే కావాలి, వ్యాప్తి, అంటే పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని సంబంధం, మాత్రం ఎక్కడికక్కడ తేలాలి అంటాను. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకారులున్నారు. అక్కడ మరబోటు మీద ఇచ్చిన అప్పు చూడండి. తూర్పు తీరంతో పాటు అండమాన్‌కూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు బోటు రేవులోనే, వల ఒడ్డునే. కిస్తీ ఆగుతుంది. 30 రోజులు దాటిందా, అప్పు బాగా బలహీనపడ్డట్టే అనుకోమంటుంది ప్రమాణం. నిప్పుంటే పొగ ఉంటుందన్నది తడికట్టెలున్నప్పుడే చెల్లుతుంది. ఆ షరతునే ఉపాధి అన్నారు. కిస్తీ తప్పితే మునకేనన్న మాట కూడా వేట సాగే నెలల్లోనే చెల్లుతుంది. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మామూలు అప్పుకు 90 రోజుల గడువు పెట్టిన రిజర్వు బ్యాంకే స్వల్పకాలిక పంట రుణానికి రెండు పంటకాలాలు ఆగుతుంది. వరికున్న రుతువు చేపకు లేదా?

ఎవరి వ్యాప్తి వారిదంటే నష్టాలు దాచేవాళ్లకు సందిచ్చినట్టే గదా అంటారు. లేని బ్యాంకు నిల్వలు చూపిన సత్యం కంప్యూటర్స్ లెక్కలు 2009లో బయటపడ్డాక తెలుగువాళ్లకు ఆ భయం సహజం. అందుకే న్యాయశాస్త్రం హేతువుతో సరిపెట్టదు, ఉదాహరణ అడుగుతుంది: పొగా నిప్పూ కలిసున్న వంటిల్లు చూపాలి. బ్యాంకుకు పాత పద్దులే ఆ వంటిల్లు. నిషేధం ఎత్తేశాక ఎన్ని బోట్ల కిస్తీలు మళ్లీ మొదలయ్యాయో ఏటేటా బయటపెట్టాలి. ఆ 30 రోజుల ఊహను రుజువుతో తోసిపుచ్చే వీలు ప్రమాణంలోనే ఉంది. కాకపోతే ఆ రుజువు కోసం ఏళ్ల తరబడి పద్దులు ఒకే తీరున రాసి ఉండాలి. చిన్న బ్యాంకుకు అసలు ఖర్చు అదే.

చార్వాకుడి అభ్యంతరం ఇంతకన్నా గట్టిది: గతం ఎంత చూసినా రేపటికి పూచీ లేదు. 2004 డిసెంబరు 26న సునామీకి ముందు ఏ పద్దులోనూ పొగ లేదు. ఒప్పుకోక తప్పదు. అలాంటి నష్టాన్ని సగటు అంచనాలో ఇరికించలేం. దానికి మూలధనం విడిగా పక్కన పెట్టాలి. ఎంత పెట్టాలో లెక్కల గుమాస్తా చెప్పలేడు, బోర్డే తేల్చుకోవాలి.