పాత కారు ఎప్పుడు మార్చాలి?



కారు గురించి ఈ చిన్న పుస్తకంలో ఎందుకని మీకు అనిపించవచ్చు. ధమ్మం విహారంలో కూర్చున్న గంటసేపటికే అయితే దానితో మనకు పనేముంది? జీతం దేనికి ఖర్చు పెడుతున్నాం, ఎందుకు పెడుతున్నాం అన్న దగ్గరే మన మనసు బయటపడుతుంది. 2011లోనో 2012లోనో కొన్న చిన్న కారు ఇప్పుడు మనలో చాలామంది ఇళ్ల ముందు ఉంది. రంగు వెలిసింది, అయినా నడుస్తోంది. ఉంచాలా, మార్చాలా?

ఇతరులకు ఇది డబ్బు లెక్క. మనకు గౌరవం లెక్క కూడా. ఊరి నడివీధిలో చెప్పులు చేతపట్టుకుని నడవాల్సి వచ్చిన పెద్దల మనవలం మనం. "మీకెందుకు కారు" అనే మాట వెనక ఏముందో మనకు తెలుసు. అందుకే కారు కొనుక్కోవడం ఆడంబరమని ఈ వ్యాసం అనదు. అయితే గౌరవం ఎక్కడుందో మాత్రం నిదానంగా చూడాలి.

1929 అక్టోబరులో బాబాసాహెబ్ ప్రభుత్వ కమిటీ పని మీద తిరుగుతూ చాలీస్‌గావ్ స్టేషన్లో దిగారు. టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. తమ అతిథిని నడిపించుకుపోవడం అవమానమని అక్కడి మహర్లు టాంగా ఒకటి అద్దెకు తీసుకున్నారు. తోలడం రాని వాళ్లలో ఒకరే పగ్గాలు పట్టుకున్నారు. ఏటి మీది కల్వర్టు దగ్గర ప్రమాదం జరిగింది. బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. తన గౌరవం కాపాడబోయి తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. తప్పు ఆ మహర్లది కాదు, వాళ్లకు వేరే దారి లేకుండా చేసిన అంటరానితనానిది. ఇవాళ మనకు దారి ఉంది. ఏ బండి ఎక్కాలో మనమే తేల్చుకోగలం. కాబట్టి ముందు ప్రాణం చూసుకుందాం. అది బాగుంటే గౌరవం ఎటూ పోదు.

ఇక్కడ మనసు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి తృష్ణ. బావమరిది కొత్త కారు కొన్న వారానికే మన కారులో శబ్దాలు వినిపించడం మొదలవుతాయి. నిన్నటిదాకా లేని శబ్దం ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది? అది ఇంజన్లో పుట్టిందో మనసులో పుట్టిందో చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ ధర తగ్గడం కొనడానికి కారణం కాదు. అవసరం ఉన్నవాడికి అది సాయం మాత్రమే.

రెండోది ఉపాదానం, అంటే పట్టుకుని వేలాడటం. "మా నాన్న కొన్న కారు", "నా మొదటి సంపాదన" అని వదలలేం. దానికి నిరాడంబరత అని పేరు కూడా పెట్టుకుంటాం. బ్రేకులు సరిగా పట్టని కారులో పిల్లల్ని బడికి తీసుకెళ్లడం నిరాడంబరత ఎలా అవుతుంది? రోడ్డు మీద మనమొక్కళ్లమే లేము. ప్రాణహింస చేయనని మొదటి శీలం తీసుకున్నవాళ్లం. అరిగిన టైరు, పట్టని బ్రేకు కూడా ఆ శీలం కిందికే వస్తాయి.

చుల్లవగ్గలో ఒక సంగతి ఉంది. ఆనందుడికి దానంగా ఐదు వందల చీవరాలు వచ్చాయి. ఇన్ని ఏం చేసుకుంటారని ఉదయన రాజు అడిగాడు. చిరిగిన చీవరాలున్న భిక్షువులకు ఇస్తామన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవి? అవి పైదుప్పట్లవుతాయి, తర్వాత పరుపు గుడ్డలు, నేల మీద పరిచేవి, కాళ్లు తుడుచుకునేవి, దుమ్ము దులిపేవి. చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. పనికొచ్చినంత కాలం వస్తువును పారేయకూడదు. ఆ పనికి రాకుండా పోయాక దాన్ని అదే పనికి పట్టుకుని వేలాడకూడదు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. ఆరు లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెలకు కిస్తీ సుమారు 9,650 రూపాయలు. అంటే ఏడాదికి లక్షా పదిహేను వేల పైచిలుకు. ఏడేళ్లలో కట్టేది 8 లక్షల 10 వేల దాకా. పాత కారు మీద గత రెండేళ్లలో పెట్టిన బిల్లులన్నీ కూడి, ఏడాదికి ఎంత పడిందో చూడండి. నలభై వేలు అయితే, డబ్బు కోసం కారు మార్చాలనే మాట అబద్ధం. క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ, ఏసీ రిపేరు వస్తూనే ఉంటాయి. అవి మార్చడానికి కారణాలు కావు.

సిగాలుడికి చెప్పిన ఉపదేశంలో బుద్ధుడు గృహస్థు సంపాదనను నాలుగు భాగాలు చేసుకోమన్నాడు. ఒకటి అనుభవించడానికి, రెండు భాగాలు పనికి, నాలుగోది ఆపదకు. మీ కిస్తీ ఏ భాగంలోంచి వస్తుంది? ఆపద కోసం దాచిన దానిలోంచో, అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజులోంచో అయితే ఆగండి. అప్పు లేకపోవడాన్ని కూడా ఒక సుఖంగా బుద్ధుడు అనాథపిండికుడికి చెప్పాడు.

మరి మార్చాల్సింది ఎప్పుడు? మీకు తెలిసిన మెకానిక్‌తో, షోరూమ్ అతనితో కాదు, కారు కింద చూపించండి. అడుగు రేకు, చాసిస్ తుప్పు పట్టి బలం పోయిందా? బ్రేకులు, స్టీరింగ్ బాగుచేసినా మళ్లీ అదే తేడా వస్తోందా? రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాలంటే ఈ కారును నమ్మలేకపోతున్నారా? వీటిలో ఒక్కదానికి అవునని వచ్చినా మార్చాల్సిన సమయం వచ్చినట్టే. 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఆ పరీక్ష కోసం పెట్టే ఖర్చు కారు విలువను మించితే అదీ ఒక సూచనే. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. కొత్త కార్లలో ఏబీఎస్ 2019 నుంచి, ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి తప్పనిసరి. ఆనాటి చిన్న కార్లలో చాలావాటికి ఈ రెండూ లేవు. రోజూ హైవే మీద తిరిగేవారికి ఇది పెద్ద తేడా. వారానికోసారి బజారుకు వెళ్లేవారికి అంత కాదు.

కొనేటప్పుడు ఇంట్లో ఎందరున్నారు, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు అన్నదే కొలత. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం ఏడు సీట్ల కారు కొని ఏడాది పొడుగునా కిస్తీ కట్టొద్దు.

పాత కారు అమ్మేటప్పుడు నాలుగో శీలం గుర్తుంచుకోండి. ఇంజన్ ఆయిల్ తాగుతుంటే తాగుతుందని చెప్పండి. ఐదు వేలు తగ్గితే తగ్గనివ్వండి. కొనేవాడు కూడా మనలాగే మొదటిసారి కారు ఎక్కుతున్న ఇంటివాడే కావచ్చు. ప్రమాదకరమైన కారైతే ఎవరికీ అంటగట్టొద్దు. ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రంలో ఇచ్చి ధ్రువపత్రం తీసుకోండి.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఈ లెక్క వేయండి. పిల్లల్నీ కూర్చోబెట్టండి. ఉంచాలని తేలితే సిగ్గుపడకుండా ఉంచండి, టైర్లు మార్చించండి. మార్చాలని తేలితే భయపడకుండా మార్చండి. రెండింటిలోనూ ఎదురింటివాళ్ల కళ్లను మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

జై భీమ్.