మీరేవిట్లండీ?



బావికొండ, తొట్లకొండ చూడాలని నల్లజర్ల నుంచి బయల్దేరిన మనవాళ్లు కొందరు అరకు కూడా చూసుకుని, కిరండూల్ పాసింజర్లో కొండలు దిగి విశాఖ చేరతారు. ఆ లైన్లో 58 సొరంగాలు. అంతసేపు పక్కసీటాయన ఊరుకుంటాడా? మన పులిహోర తింటూనే "మీరేవిట్లండీ?" అంటాడు. అబద్ధమాడనన్న నాలుగో శీలం పక్కనపెట్టి, భయంతో ఇంకో కులం పేరు చెప్పేస్తారు కొందరు.

1901లో మసూరు స్టేషన్లో చిన్ననాటి బాబాసాహెబ్ "మహర్లం" అనగానే స్టేషన్ మాస్టర్ వెనక్కి తగ్గాడు. ఆ రాత్రి దాహానికి, బండివాడు నేర్పినట్టు "ముస్లింలం" అన్నా చుక్క నీళ్లు దొరకలేదు.

1956 అక్టోబరు 14 తర్వాత మనకో జవాబుంది: "బౌద్ధులం." "అంతకుముందో?" అంటే అదీ చెప్పండి, తలెత్తి. డబ్బా మాత్రం మూయకండి. ఆయనకింకో ముద్ద పెట్టండి.