ఉమ్మి ఒకరిది, రహస్యం ఇంకొకరిది

2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా పోలీసులు జోసెఫ్ జేమ్స్ డిఏంజెలో అనే 72 ఏళ్ళ మనిషిని అరెస్టు చేశారు. ఒకప్పుడు తనూ పోలీసే. 1970లు, 80లలో 13 హత్యలూ, డజన్ల కొద్దీ అత్యాచారాలూ చేసి దశాబ్దాలపాటు దొరకలేదు. అతను ఏ సైట్‌కీ తన ఉమ్మి పంపలేదు. పంపింది ఎవరో దూరపు చుట్టాలు. తాతముత్తాతల గురించి తెలుసుకుందామన్న సరదాకొద్దీ తమ డీఎన్ఏ ఫలితాలని జెడ్‌మ్యాచ్ అనే సైట్‌లో పెట్టారు. నేరం జరిగిన చోట దొరికిన డీఎన్ఏని పోలీసులు అక్కడే ఎక్కించారు. వచ్చిన మ్యాచ్‌లని పట్టుకుని ముత్తాతల తాతల దాకా పైకి ఎక్కి, మళ్ళీ ఒక్కో కొమ్మే కిందికి దిగుతూ వస్తే అతని గుమ్మం దగ్గర తేలారు.

హంతకుడు కాబట్టి మనకేం అభ్యంతరం లేదు. కానీ ఆ దారికి హంతకుడెవరో, పెళ్ళికి ముందు బిడ్డని కని ఆశ్రమంలో వదిలి వచ్చిన ఆవిడెవరో తేడా తెలీదు.

మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇదొక గ్రాఫ్. మనుషులు నోడ్లు, ఇద్దరి మధ్య కలిసే డీఎన్ఏ పొడవు ఎడ్జ్. ఆ పొడవుని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. పెత్తండ్రి బిడ్డలో మేనమామ బిడ్డలో అయితే 850 చుట్టుపక్కల, ఆ తర్వాతి తరం కజిన్లయితే 200 పైచిలుకు. నాకు ఒళ్ళు జలదరించే విషయం ఏంటంటే, ఒక నోడ్ ఎక్కడుందో తెలియాలంటే ఆ నోడ్ డేటాబేస్‌లో ఉండక్కర్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఉంటే చాలు, మధ్యలో ఖాళీ దానంతటదే ఆకారం కడుతుంది. ఒక జనాభాలో రెండు శాతం మంది చేరితే, దాదాపు మిగతా అందరికీ మూడో తరం కజినో అంతకన్నా దగ్గరివాళ్ళో దొరికేస్తారని యానివ్ ఎర్లిక్ బృందం 2018లోనే సైన్స్ పత్రికలో లెక్క కట్టింది. 2023లో 23అండ్‌మీ హ్యాకింగ్‌లో దొంగలు నేరుగా దూరింది సుమారు 14,000 ఖాతాల్లోకి. బయటపడ్డది మాత్రం 69 లక్షల మంది వివరాలు, ఆ బంధువుల జాబితాల పుణ్యమా అని.

అక్కడ ‘నాకు సమ్మతమే’ అని టిక్ పెట్టే పెట్టె ఒకటి ఉంటుంది. ఎవరి సమ్మతి అది? నా డీఎన్ఏలో సగం అమ్మది, పావు తాతయ్యది. నేను నొక్కే బటన్ వాళ్ళ తరఫున కూడా పడుతుంది.

మరి తన పుట్టుక తెలుసుకునే హక్కు మనిషికి లేదా అంటే, ఉంది. గట్టిగా ఉంది. ఎన్.డి. తివారి మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నరుగా ఉన్న రోజుల్లోనే, 2008లో, రోహిత్ శేఖర్ ఆయనే తన తండ్రి అని ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాడు. రక్తం ఇవ్వనని తివారి ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2012లో నమూనా తీసుకున్నారు, పరీక్ష చేసింది హైదరాబాద్ సీడీఎఫ్‌డీ. శేఖర్ చెప్పిందే నిజమని తేలింది. నా ఓటు పూర్తిగా శేఖర్‌కే. కానీ అక్కడ ప్రతివాదికి నోటీసు అందింది, లాయరున్నాడు, వాదించుకునే వీలుంది. మ్యాచ్‌ల జాబితాలో, తన మీద కేసు నడుస్తోందని ప్రతివాదికే తెలీదు.

అందులోనూ ఎక్కువగా ఇరుక్కునేది ఆడవాళ్ళే. కర్ణుడి సంగతి కుంతి యుద్ధం అయిపోయాక బయటపెడితే, ఇకమీదట ఆడవాళ్ళ నోట రహస్యం దాగకుండు గాక అని ధర్మరాజు శపించాడు. సూర్యుణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఆ శాపం ఇన్నాళ్ళకి ల్యాబుల్లో పనిచేస్తోంది.

ఇదంతా ఎందుకు బుర్రలో తిరుగుతోందో చెప్తాను. మా ముత్తాత కాకినాడ దగ్గర్నుంచి రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశాడు. అప్పట్లో అలా వెళ్ళిన వేలమందిలో ఒకడు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. 1942లో జపాన్ సైన్యం వస్తే ఎంతోమందితో పాటు నడిచి వచ్చేశాడు. అక్కడ ఆయనకి ఒక భార్య, ఒక ఆడపిల్ల ఉండేవాళ్ళని మా ఇంట్లో ఒక గుసగుస. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూ, పిల్లలు రాగానే ఆపేసే రకం.

డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఇప్పుడు దాని వెంట పడ్డాడు. తన టెస్ట్ అయిపోయింది. రంగూన్ పిల్లకి మనవలుంటే వాళ్ళతో మా తరానికి కలిసేది ఒకటిన్నర శాతం. పైగా మన ఇళ్ళల్లో మేనరికాలు. ఒకే పూర్వీకుడు రెండు దారుల్లో ఒంట్లోకి వస్తాడు, దూరపు చుట్టం దగ్గరివాడిలా కనిపిస్తాడు, ఆ సైట్ల అంచనాలు మనకి సరిగ్గా అతకవు. అందుకని వాడికి పై తరం కావాలి. ముత్తాత సంతానంలో మిగిలింది ఒక్కరే. నాన్న మేనత్త, మేం చిన్న నానమ్మ అంటాం. ముత్తాత తిరిగొచ్చిన రెండేళ్ళకి పుట్టింది. ఆ మనవలతో ఆవిడకి కలిసేది మాకన్నా సరిగ్గా నాలుగు రెట్లు. తిరుగులేని సాక్ష్యం ఆవిడ నోట్లో ఉంది. నాన్నంటే దేవుడనుకునే ఆవిడ నోట్లో.

“షుగర్ టెస్ట్ అని చెప్పి ట్యూబ్‌లో ఉమ్మించరా, అయిపోతుంది” అన్నాడు అన్నయ్య. కుదరదన్నాను. పోనీ అడుగు అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఏం అడగాలి? ఎందుకో చెప్పకుండా అడిగితే అది మోసం. ఎందుకో చెప్తే, ఆవిడ వద్దన్నా సరే, చెప్పాల్సింది చెప్పేసినట్టే. అనుమతి అడగడమే ఇక్కడ రహస్యం విప్పడం.

అయితే అవతలి కొమ్మ కూడా ఉందిగా. యాంగాన్‌లోనో సిడ్నీలోనో ఒకమ్మాయి, వాళ్ళమ్మమ్మ ముక్కు ఎవరి పోలికో తెలియక, స్క్రీన్ ముందు కూర్చుని ఉండొచ్చు. మాకిది సరదా; వేళ్ళన్నీ ఊళ్ళో, ఫోటోలు గోడ మీద. ఆ అమ్మాయికి ఇది లోటు. మా పరువు కోసం ఆమెకి దారి మూసేయడం, 1942లో వదిలేసి వచ్చినవాళ్ళని రెండోసారి వదిలేయడం. అందుకని నా ఉమ్మి పంపిస్తానన్నాను. ఒకటిన్నర శాతమే కావచ్చు, వెతికేవాళ్ళకి ఆ కాస్త చాలు. వాళ్ళు రాస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేను. చిన్న నానమ్మ ట్యూబ్ మాత్రం ఖాళీగానే ఉంటుంది. ‘తక్కువ డేటాతో పని పాడు చేస్తున్నావు’ అని అన్నయ్య మెసేజ్ పెట్టాడు. ఇంజనీరుగా వాడి మాట కాదనలేను.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు చిన్న నానమ్మ మాటల్లో మాటగా, తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న నిద్రలో ఏదో భాషలో మాట్లాడేవాడని చెప్పింది. ఏం అనేవాడని అడిగాను. ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదుగా అంది, అరిసెల పళ్ళెం నా వైపు జరుపుతూ.