బరువు పడినప్పుడు

ధ్యానభాగము: ప్రకటన 3:1–6



గడచిన వర్షాకాలములో ఒక రాత్రి పొద్దుపోయిన తరువాత, పొరుగు పల్లెనుండి ఒక పిల్లవాడు పరుగెత్తుకొని వచ్చి మా తలుపు తట్టెను. వాని అవ్వ కడవరి గడియలలో నున్నదనియు, ప్రార్థనకు అయ్యగారిని పిలుచుకొని రమ్మన్నదనియు చెప్పెను. మేము వెంటనే మోటారు సైకిలు బయటికి తీసితిమి. తాళము త్రిప్పగానే దీపము వెలిగెను, హారను మ్రోగెను. స్టార్టరు బటను నొక్కగా మాత్రము టక్కుమని ఒక చప్పుడు వచ్చి, దీపము ఆరిపోయినంత పనియాయెను. ఆ బండికి కిక్కరు లేదు. బురదలో తోయుటయు సాధ్యపడలేదు. అంతట మేము విసుగుచెంది, “ఇంతసేపు ఏమి చేయుచుంటిరి? పగలే రాకూడదా?” అని ఆ పిల్లవానిని గద్దించితిమి. వాడు మారు పలుకలేదు. ఇద్దరము నడిచి చేరుసరికి అవ్వకు తెలివి తప్పియుండెను. ఆమె చెవియొద్ద ప్రార్థించితిమి. విన్నదో లేదో దేవునికే తెలియును. తెల్లవారకమునుపే ఆమె ప్రభువునందు నిద్రించెను.

తరువాత బండిని మెకానిక్కు యొద్దకు చేర్చితిమి. అతడు బ్యాటరీని రాత్రంతయు చార్జింగు పెట్టి, కొన్ని గంటలు ఊరకనుంచి, మీటరు పెట్టి చూచెను. 12.6 వోల్టులు చూపెను. “బాగుగనే యున్నది గదా” అంటిమి. “ఊరకున్నప్పటి లెక్క అది, అయ్యగారూ. బరువు పడితేగాని దీని సంగతి తెలియదు” అని అతడు నవ్వెను. మొదట తీగెల కొనలను తోమి బిగించెను. దోషము అక్కడనున్నను బండి ఇట్లే మొరాయించునట. పిమ్మట మమ్మును బటను నొక్కుమని మీటరు వైపు చూచెను. ముల్లు 7కు పడిపోయెను. మంచి బ్యాటరీయైతే ఆ సమయమున సుమారు 10 వోల్టులైనను నిలుపుకొనవలెను.

దీని మర్మమేమి? 12 వోల్టుల బ్యాటరీలో 6 గదులుండును. మీటరు దానినుండి దాదాపు ఏమియు తీసికొనదు గనుక, లోపలి పలకలు చెడినను అంకె నిండుగనే కనబడవచ్చును. దీపమునకు నాలుగైదు ఆంపియర్లు చాలును. స్టార్టరు దానికి ఎన్నో రెట్లు అడుగును. అప్పుడే లోపలి చెరుపు బయటపడును.

ప్రియులారా, సార్దీసు సంఘము మీటరు మీద బ్రదికిన సంఘము. జీవించుచున్నదను పేరు దానికి కలదు. ప్రభువు చూపునకు అది మృతము. ఆ పట్టణము తన కొండకోటను నమ్ముకొని యుండగా, క్రీ.పూ. 6వ శతాబ్దమున పారసీక రాజైన కోరెషు దానిని పట్టుకొనెను. ఎవరును ఎక్కలేరని కావలి ఉంచని వైపునుండియే శత్రువులు ఎక్కిరని హెరొడోటసు అను చరిత్రకారుడు వ్రాసెను. ప్రభువు ఆ సంఘమును మెలకువగా నుండుమనుట ఊరక కాదు.

మన మీటరు ఆదివారమున నిండుగనే చూపును. ఉజ్జీవ కూటములు ముగిసిన మరునాడు మరింత చూపును. చార్జింగునుండి తీసినవెంటనే బ్యాటరీ చూపు అంకెను మెకానిక్కు నమ్మడు. కొంతసేపు ఆగి చూచును. మనలను గూర్చియు అట్లే చూడవలెను. అన్నదమ్ములు పొలము పంచుకొను దినమున, మంచము పట్టిన అత్తకు సేవచేయు రాత్రులయందు, కూలివాని కూలి లెక్కించునప్పుడు మన ముల్లు ఎక్కడ నిలుచుచున్నది? ఇతరులకు ఈ మీటరు పెట్టుటకు తొందరపడకుడి. మేము మాకు పెట్టుకొంటిమి. ఆ రాత్రి చెడినది బ్యాటరీ ఒక్కటే కాదు. ఇరువది యేండ్లుగా ప్రేమను గూర్చి ప్రసంగించిన నోరు, ఏడ్చుచు వచ్చిన బిడ్డమీద కసరెను.

పలకలు ఏల చెడునని అడిగితిమి. శక్తి తగ్గిన బ్యాటరీని అట్లే విడిచిపెట్టినయెడల పలకలమీద తెల్లని ఉప్పువంటి పదార్థము పేరుకొనును. మొదట అది మెత్తగా నుండి చార్జింగుతో కరిగిపోవును. వారములు గడచినకొలది గట్టిపడి ఇక కరుగదు. సూర్యుడస్తమించువరకు కోపము నిలిచియుండకూడదని అపొస్తలుడు ఎఫెసీయులకు బోధించుట ఇందుకే గదా! నేటి కోపము నేటి ప్రార్థనతో కరుగును. ఏండ్లు నిలువ ఉంచినది రాయి యగును.

రాయి యైనయెడల నిరీక్షణ లేదా? కలదు. మెకానిక్కు మా బ్యాటరీని చెత్తలో పారవేయలేదు. అందులోని సీసమును కరిగించి క్రొత్తవి చేయుదురని చెప్పెను. రాతిగుండెను తీసివేసి మాంసపు గుండె నిచ్చెదనని యెహెజ్కేలు ద్వారా సెలవిచ్చిన దేవుడు మనలను పారవేయునా? చావనైయున్న మిగిలినవాటిని బలపరచుకొనుమని సార్దీసుతో పలికిన ప్రభువు ఇంకను తలుపు మూయలేదు.

ఆ వారమే మేము ఆ పల్లెకు పోయి, పిల్లవానిని దగ్గరకు పిలిచి, “తప్పు మాది, నాయనా, క్షమించు” అంటిమి. వాడు తల వంచుకొని, “పోనీలెండి అయ్యగారూ, చీకటిలో నాతో నడిచి వచ్చితిరి గదా” అనెను.

ఈ మాసమున మనలో ప్రతివాడును ఎవరిమీద కసరెనో వారియింటికి పోవును గాక. పరలోకపు తండ్రీ, మా పేరును కాదు, మా హృదయమును చూడుము. బరువు పడినప్పుడు నీ ఆత్మచేత మమ్మును నిలువబెట్టుము. ఆమేన్.