ఏం చూడదో కూడా రాయి బిడ్డా

బిడ్డా, నువ్వు పంపిన పత్రం మొత్తం చదివిన. మీ ఆఫీసుల కోడ్‌ను తనిఖీ చేసే పనిముట్లను ఇకమీద మనుషులకంటే ఏఐ ఏజెంట్లే ఎక్కువ నడుపుతయి, వాటికోసమే ఇది రాస్తున్న అన్నవు. ఏ కమాండ్ కొడితే ఏది నడుస్తదో పొందికగ రాసినవు. కాని నడిచినంక వచ్చిన జవాబుకు అర్థమేందో ఎక్కడా కనపడలే. మనిషైతే పక్క కుర్చీల ఉన్నోళ్లను అడుగుతడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు. తనకు తోచిన అర్థం పట్టుకొని పది ఫైళ్లు మార్చి పెడతది.

పనిముట్టు ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, ఎగ్జిట్ కోడ్, సంగతే చూడు. జావాస్క్రిప్ట్ కోడ్‌ను చూసే ఈఎస్‌లింట్‌ల 1 అంటే కోడ్‌ల తప్పులు దొరికినయని. 2 అంటే సెట్టింగులనో, పనిముట్టులనో తేడా వచ్చి తనిఖీయే సాగలేదని. ఫైళ్లల్ల మాటలు వెతికే రిప్‌గ్రెప్‌ల 1 అంటే వెతికింది దొరకలేదని మాత్రమే. అది గడబిడ కానే కాదు. పైథాన్ కోడ్‌ను చూసే పైలింట్‌ది ఇంకో తీరు. 1, 2, 4, 8, 16, 32, ఒక్కోదానికి ఒక్కో అర్థం. వాటిని కూడి ఒకటే అంకె చేతుల పెడతది. 20 వచ్చిందంటే పదహారూ నాలుగూ కలిసినయన్నట్టు: రాత పద్ధతి మీద మాటలున్నయి, హెచ్చరికలున్నయి, ఎర్రర్ మాత్రం లేదు. ఇది చెప్పకుంటే ఏజెంట్ ఇరవైని చూసి ఏమనుకోవాలె? ఇగ కోడ్‌ల లోపాలు వెతికే సెమ్‌గ్రెప్ స్కాన్ అయితే, ఎర్రర్ అనే ఫ్లాగ్ పెట్టకపోతే లోపాలు దొరికినా సున్నాతోనే ముగుస్తది. సున్నా చూసి ఏజెంట్ "అంతా శుభ్రం" అని రిపోర్టు ఇస్తది. తప్పు దానిది కాదు, నీ పత్రానిది.

మన తెలుగోళ్లకు ఇంకో చిక్కు ఉన్నది. వనపర్తి అన్న పేరు కంటికి నాలుగు అక్షరాలే. యూనికోడ్‌ల ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8ల 21 బైట్లు. రిప్‌గ్రెప్ కాలమ్‌ను బైట్లల్ల చెప్తది, ఒకటి నుంచి. ఎడిటర్లు వాడే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మామూలుగ యూటీఎఫ్-16 లెక్కన చెప్తది, అదీ సున్నా నుంచి. ఊర్ల పేర్లు తెలుగుల రాసున్న ఫైల్‌ల ఒకరి లెక్కను ఇంకొకరి లెక్క అనుకొని దిద్దబోతే, కత్తెర పోయి మాట నడుమల పడతది. మీ టీంల ఇంగ్లిష్ ఫైళ్లతోనే పరీక్ష చేస్తే ఇది ఎన్నటికీ బయటపడదు. లైన్ దేంతోని మొదలైతది, కాలమ్ దేంట్ల లెక్క, ఒక్క వాక్యం రాయి.

అన్నిటికంటె నాకు కొట్టొచ్చినట్టు కనపడ్డ లోటు వేరే. ప్రతి పనిముట్టు ఏం చూస్తదో రాసినవు, ఏం చూడదో రాయలే. అదెందుకు ముఖ్యమంటవా, మన వనపర్తి దగ్గరి సరళాసాగర్ ప్రాజెక్టు నీకు తెలిసిందే గద. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద కట్టింది. 1949ల పని మొదలై 1959ల పూర్తయింది. గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు మట్టం దాటంగనే సైఫన్లల్ల గాలి బయటికి పోయి నీళ్లు వాటంతటవే గుంజుకుంటయి, మట్టం దిగితే గాలి చొరబడి ఆగిపోతయి. అంత తెలివైన ఏర్పాటు ఉండంగనే 2019 డిసెంబరు 31న మట్టికట్టకు గండి పడ్డది. సైఫన్ చూసేది నీటి మట్టాన్ని. కట్టల మన్ను ఎట్లున్నదో చూసుడు దాని పని కాదు.

నీ పనిముట్లదీ అదే కథ. రిప్‌గ్రెప్ గిట్‌ఇగ్నోర్ జాబితాల ఉన్న ఫైళ్లను, దాచిన ఫైళ్లను అడగకుండనే వదిలేస్తది. ఈఎస్‌లింట్ నోడ్‌మాడ్యూల్స్ ఫోల్డర్ జోలికి పోదు. ఏ ఫంక్షన్‌ను ఎవరు పిలుస్తున్నరో గీసి చూపే పనిముట్టుకు, పేరును స్ట్రింగ్‌గ పెట్టి నడిచేటప్పుడు పిలిచే పిలుపులు చాలామటుకు కనపడవు. "పిలిచేటోళ్లు లేరు" అని అది అంటే, "నాకు కనపడినకాడికి లేరు" అని అర్థం. ఆ మాట నీ పత్రంల లేకుంటే ఏజెంట్ ఆ ఫంక్షన్‌ను తీసిపారేస్తది, అర్ధరాత్రి ఫోన్ నీకొస్తది.

రెండో పేజీల పనిముట్ల చరిత్ర తీసెయ్యి. 1978ల బెల్ ల్యాబ్స్‌ల స్టీఫెన్ జాన్సన్ లింట్ అనే పనిముట్టును ఎట్ల రాసిండో చదువుతుంటే నాకు ముచ్చటేసింది, కాని ఏజెంట్‌కు అది బరువు. కోడ్‌తోపాటు నీ పత్రాన్నీ అది మోసుకొనే తిరగాలె. ఆ జాగల నిజమైన జవాబులు మూడు అతికించు: తప్పులు దొరికినప్పటిది, దొరకనప్పటిది, పనిముట్టే పడిపోయినప్పటిది. మూడోది అందరూ మరుస్తరు.

అటెన్క కావాలనే చెడగొట్టిన కోడ్‌నొకటి, నీ పత్రాన్నొకటి ఏజెంట్‌కిచ్చి, నువ్వు ఒక్క మాట సాయం చెప్పకుండ చూడు. అది తడబడ్డ చోట ఏజెంట్‌ను తిట్టకు, వాక్యం మార్చు.